తెరమీది పందెపు కారు ఎందుకు తడబడును? — ప్రాసెసర్ పరిమితిని గుర్తించి సవరించు విధము

కంప్యూటరు తెరపై ఆడు కారు పందెములు రెండు తెగలు. మొదటి తెగ కేవల వినోదమునకు ఉద్దేశింపబడినది; అందు కారు గోడను ఢీకొన్నను మరుక్షణముననే లేచి పరుగిడును. రెండవ తెగవానిని సిమ్యులేటర్లు అందురు. టైరు వేడెక్కినచో పట్టు ఎంత మారును, బ్రేకు వేయగనే బరువు ముందు చక్రములపైకి ఎంత జరుగును, ఇంధనము తగ్గుకొలది కారు ఎంత తేలికయగును అను లెక్కలు నిజమైన కారునకు వలెనే ఇందు ఎడతెగక జరుగుచుండును. అమెరికాలో 2008లో ప్రారంభమైన ఐరేసింగ్, ఇటలీ దేశపు కునోస్ సంస్థ 2014లో పూర్తి రూపమున విడుదల చేసిన అసెట్టో కోర్సా ఈ రెండవ తెగకు చెందినవి. ఈ క్రీడలలో కంప్యూటరు ఎచ్చట అలసిపోవునో, ఆ అలసటను ఎట్లు కనిపెట్టవలెనో, ఎట్లు తీర్పవలెనో ఈ వ్యాసమున పరిశీలింప దలచితిమి.

ఇది కాలక్షేపపు విషయమే గదా యని పెద్దలు అనవచ్చును. అట్లు త్రోసివేయుటకు వీలులేదు. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్ సాగరు తీరమున భారతదేశపు మొదటి ఫార్ములా ఈ పందెము జరిగినది. సుమారు 2.8 కిలోమీటర్ల ఆ మార్గము నగర వీధులతో ఏర్పరచినది. ఫ్రాన్సు దేశీయుడగు జాన్ ఎరిక్ వెర్న్ అందు విజేత. వీధులలో వేసిన మార్గము పందెపు రోజులలో తప్ప అభ్యాసమునకు దొరకదు. అందుచే ఇట్టి పందెములకు వచ్చు జట్లు మలుపులను ముందుగా సిమ్యులేటరు మీదనే నేర్చుకొనుట పరిపాటి. 2020లో కరోనా వలన పందెములు నిలిచిపోయినపుడు ఫార్ములా ఈ నిర్వాహకులు తమ చోదకులచే ఆర్‌ఫ్యాక్టర్ 2 అను సిమ్యులేటరుపై ఇండ్లనుండియే పోటీలు జరిపించిరి.

చిలకలూరిపేట వంటి ఊరిలో ఈ విషయమునకు మరియొక ముఖము కలదు. అది డబ్బు. పత్తి అమ్మిన సొమ్ములోనుండియో, మిరప అమ్మిన సొమ్ములోనుండియో కొంత తీసి తండ్రి కుమారుని చదువునకై కంప్యూటరు కొనును. పగలు దానిపై ప్రోగ్రాములు వ్రాయు విద్యార్థి సాయంకాలము దానిపైననే పందెము ఆడును. ఇరువది కార్లు ఒక్కమారు బయలుదేరగనే బొమ్మ ఆగి ఆగి కదలును. "గ్రాఫిక్స్ కార్డు చాలదు, పెద్దది వేయించుము" అని ఎవరో సలహా నిత్తురు. ముప్పది నలుబది వేల రూపాయలు మరల వ్యయమగును. కొత్త కార్డు వచ్చును. తడబాటు మాత్రము పోదు. ఏలయన లోపమున్న చోటు వేరు, మందు వేసిన చోటు వేరు. ఉర్దూలో తష్ఖీస్ అను చక్కని మాట యున్నది. రోగమేదో నిర్ణయించుట అని దాని అర్థము. నాడి పట్టని హకీము మందు పొట్లము కట్టడు. కంప్యూటరు విషయమున మాత్రము మనము పొట్లము ముందు కట్టి నాడి తరువాత చూచుచున్నాము.

సిమ్యులేటరు ఆడునపుడు యంత్రములో ఇద్దరు పనివాండ్రు కలరు. ప్రాసెసర్ లెక్కలు చేయును. గ్రాఫిక్స్ కార్డు బొమ్మ గీయును. ఏది ఎచ్చట గీయవలెనో, ఏ క్రమమున గీయవలెనో ఆజ్ఞాపత్రము వ్రాసి యిచ్చువాడును ప్రాసెసరే. కావున ప్రాసెసరునకు రెండు బరువులు. మొదటిది భౌతికశాస్త్రపు లెక్క. అసెట్టో కోర్సాలో ఈ లెక్క సెకనునకు 333 మారులు జరుగును. అనగా ప్రతి లెక్కకు దొరకు కాలము 3 మిల్లీ సెకనులు మాత్రమే. గంటకు 180 కిలోమీటర్ల వేగమున పోవు కారు సెకనునకు 50 మీటర్లు సాగును గనుక, ఒక లెక్కకును మరొక లెక్కకును నడుమ అది 15 సెంటీమీటర్లు జరిగియుండును. ఆ 15 సెంటీమీటర్లలోనే నాలుగు టైర్లు, స్ప్రింగులు, ఇంజను, గాలి ఒత్తిడి, ఇవియన్నియు లెక్కకు రావలెను. యంత్రము తానే నడపు ప్రత్యర్థి కార్లు ఇరువది యున్నచో వాని లెక్కయు ఈ యంత్రమే చేయవలెను. ఇంటర్నెట్టు ద్వారా ఇతరులతో ఆడునపుడు ఆ భారము చాల భాగము వారివారి యంత్రములు మోయును. మనకు వారి స్థానములు మాత్రము వచ్చి చేరును. ఒంటరిగా కంప్యూటరుతో ఆడునపుడే ఎక్కువ తడబాటు కలుగుటకు ఇది ఒక కారణము.

రెండవ బరువు ఆ ఆజ్ఞాపత్రము. సెకనునకు 60 చిత్రములు కావలెనన్నచో ఒక్కొక్క చిత్రమునకు 16.7 మిల్లీ సెకనులు. కండ్లకు తగిలించుకొను వీఆర్ అద్దములకు 90 చిత్రములు కావలెనన్నచో 11.1 మిల్లీ సెకనులు. కారులోని వెనుక చూపు అద్దములను చాలమంది లెక్కలోనికి తీసికొనరు. అద్దములో కనబడు దృశ్యము మరియొక చిత్రమే. దానికి వేరుగా ఆజ్ఞలు వ్రాయవలెను. కారు మెరుపు పూతలో ఆకాశము, చెట్లు ప్రతిఫలించుటకు చుట్టునున్న దృశ్యమును ఆరు ముఖములుగా గీయవలసి వచ్చును. నీడలకు మరల వేరు. అందమునకై మనము పెంచు ఈ అమరికలు గ్రాఫిక్స్ కార్డునకే భారమని తలంతుము గాని, అందు సగము ప్రాసెసర్ నెత్తిమీదనే పడును.

అట్లయిన, ఎనిమిది కోర్లున్న ప్రాసెసర్ కొంటిమి గదా, ఎనమండుగురు కలిసి ఈ పని పంచుకొనరాదా? ఈ ప్రశ్నకు సమాధానము మన ఊరి చుట్టునున్న నూలు మిల్లులలో కలదు. పత్తి బ్లోరూములో దులుపబడి, కార్డింగు యంత్రముపై దువ్వబడి, డ్రాయింగు, సింప్లెక్సుల మీదుగా రింగు ఫ్రేమునకు చేరి దారమగును. కార్డింగు నెమ్మదిగా సాగుచుండగా రింగు ఫ్రేములు ఇంకొక పది తెచ్చి నిలిపినను నూలు పెరుగదు. ఆ పది ఫ్రేములును ఊరక నిలిచియుండును. ఒకదాని ఫలితము వచ్చినగాని మరొకటి మొదలుకాని పనులను ఎందరికి పంచినను లాభము లేదు. జీన్ ఆమ్డాల్ అను శాస్త్రజ్ఞుడు 1967లో ఈ సంగతినే కంప్యూటర్లకు అన్వయించి చెప్పెను. పనిలో నూటికి 40 వంతులు ఒక్కడే వరుసగా చేయవలసినవి యనుకొందము. మిగిలిన 60 వంతులను నలుగురికి పంచినచో పని 1.8 రెట్లు వేగమగును. పదునారుగురికి పంచినచో 2.3 రెట్లు. లెక్కకు మిక్కిలి మందిని పెట్టినను 2.5 రెట్లు దాటదు. కోర్ల సంఖ్యను చూచి ప్రాసెసర్ కొనువారు ఈ లెక్కను ఒకమారు కాగితముపై వేసి చూచుకొనవలెను. ఇట్లు వరుసగా సాగు పనిని ఇంగ్లీషువారు థ్రెడ్ అందురు. అది దారమే! నూలు మిల్లుల ఊరివారికి ఈ పేరు వింతగా తోచనక్కరలేదు.

సిమ్యులేటర్లు చేసినవారికి ఈ ఇబ్బంది కొత్తది కాదు. ఇంగ్లండునకు చెందిన జెఫ్ క్రామండ్ రచింపగా 1996లో వెలువడిన గ్రాండ్ ప్రి 2 అను క్రీడలో ఒక మీట నొక్కగనే ప్రాసెసర్ ఎంత శాతము నిండినదో తెరపై కనబడెడిది. అది నూరు దాటినచో బొమ్మ తెగిపోవుటకు మారుగా ఆటలోని కాలమే మందగించెడిది. గడియారములో ఒక నిమిషము గడచినను పందెములో అంతకన్న తక్కువ గడచెడిది. ఆడువారు ఆ అంకెను చూచి అద్దములు, చెట్లు, ఆకాశము ఒక్కొక్కటే తీసివేసి నూరునకు లోబరచుకొనెడివారు. ఇంత నిజాయితీ గల కొలమానము తరువాతి క్రీడలలో అరుదు. అసెట్టో కోర్సాలో ప్రాసెసర్ 99 శాతము దాటినదని ఒక హెచ్చరిక తెరపై వచ్చును. దానిని చూచి కొందరు టాస్క్ మేనేజరు తెరచి, అందు 30 శాతమే కనబడగా హెచ్చరిక అబద్ధమని తలంతురు. అది మొత్తము ప్రాసెసరును గూర్చి చెప్పుట లేదు. భౌతిక లెక్క నడచు ఆ యొక్క దారమునకు ఇచ్చిన కాలము చాలుట లేదని చెప్పుచున్నది.

ఇక పరీక్షా విధానము. మొదట చిత్రముల వేగమునకు విధించిన కట్టుబాట్లన్నిటిని తీసివేయవలెను. వీసింక్ గాని, 60 చిత్రముల హద్దు గాని ఉన్నచో గ్రాఫిక్స్ కార్డు సగము ఖాళీగా కనబడుట సహజము. ఆ ఖాళీని చూచి ప్రాసెసర్ లోపమని తీర్పు చెప్పరాదు. కట్టుబాట్లు తీసిన పిమ్మట, ఒకే మార్గమున, ఒకే సంఖ్యగల కార్లతో, పందెము బయలుదేరు ఘట్టమును రెండు మారులు నడుపవలెను. మొదటిమారు తెర స్పష్టత 1920 అడ్డము 1080 నిలువు. రెండవమారు 1280 అడ్డము 720 నిలువు. గీయవలసిన చుక్కలు సగముకన్న తక్కువయినవి గనుక, గ్రాఫిక్స్ కార్డే అడ్డమైయున్నచో వేగము బాగుగ పెరుగవలెను. పెరుగలేదా, అడ్డము ప్రాసెసర్ వైపున ఉన్నది. ఇంతకన్న సులభమైన పరీక్ష లేదు. కాణి ఖర్చు లేదు.

దీనిని మరియొక కొలతతో సరిచూచుకొనవచ్చును. గ్రాఫిక్స్ కార్డు వినియోగము 95 శాతము దాటి నిలకడగా ఉన్నచో అదియే శ్రమపడుచున్నది. అది 50, 60 వద్ద ఊగులాడుచు బొమ్మ తడబడుచున్నచో అది ఆజ్ఞలకై ఎదురు చూచుచున్నదని అర్థము. టాస్క్ మేనేజరులో మొత్తపు శాతమును గాక ఒక్కొక్క కోరును వేరువేరుగ చూచుట మేలు. పదునారు దారములు నడుపగల ప్రాసెసరులో ఒక దారము పూర్తిగా నిండినను మొత్తములో అది 6 శాతము చిల్లరయే. ఇచ్చట ఒక మెలిక యున్నది. విండోస్ ఒకే పనిని ఒక కోరునుండి మరొక కోరునకు మార్చుచుండుట వలన, నిండిన దారమొకటి నాలుగు కోర్లపై పంపకమై ఏదియు నిండనట్లు కనబడవచ్చును. కావున ఈ గ్రాఫును సాక్షిగా పిలువవచ్చును గాని తీర్పరిగా కూర్చుండబెట్టరాదు. స్పష్టత తగ్గించు పరీక్షయే తీర్పరి.

మూడవది, సగటును నమ్మకుండుట. నూరు చిత్రములలో తొంబదితొమ్మిది 10 మిల్లీ సెకనులలో వచ్చి, ఒక్కటి మాత్రము 100 మిల్లీ సెకనులు తీసికొన్నదనుకొందము. సగటున సెకనునకు 92 చిత్రములు తేలును. వినుటకు ఘనముగ నున్నది. కాని ఆ ఒక్క చిత్రము రాని కాలములో, గంటకు 180 కిలోమీటర్ల వేగమున, కారు 5 మీటర్లు కన్ను మూసికొని పోయినట్లే. బ్రేకు వేయవలసిన చోటు ఆ 5 మీటర్లలోనే దాటిపోవును. అందుచే చిత్రము చిత్రమునకు పట్టు కాలమును గీతగా చూపు సాధనమును వాడవలెను. ఇంటెల్ సంస్థవారి ప్రెజెంట్‌మాన్ ఉచితముగ దొరకును. గీత చదునుగా నున్నదా, ముండ్లతో నున్నదా అనునది చూడవలెను.

మా పరిచయస్థుడైన ఒక విద్యార్థి యంత్రమును ఈ విధముగ పరీక్షించితిమి. ఆరు కోర్ల ప్రాసెసర్, మధ్యరకపు గ్రాఫిక్స్ కార్డు గల బల్ల కంప్యూటరు అది. ఒంటరిగా తిరుగునపుడు సాఫీగా నడచి, ఇరువదిమూడు ప్రత్యర్థి కార్లతో బయలుదేరగనే కుంటెడిది. ఒక దుకాణమువారు గ్రాఫిక్స్ కార్డు మార్చవలెనని తేల్చి ధర కూడ చెప్పియుండిరి. తండ్రి అప్పు చేయుటకు సిద్ధపడినాడని ఆ విద్యార్థి తలవంచుకొని చెప్పినాడు. స్పష్టత తగ్గించి చూచితిమి; వేగము ఒక్క చిత్రమైనను పెరుగలేదు. ఉష్ణమును చూచితిమి, పది నిమిషములు ఆడగనే ప్రాసెసర్ నూరు డిగ్రీల అంచునకు చేరి, తన గడియార వేగమును తానే తగ్గించుకొనుచుండెను. పెట్టె విప్పగా ఫ్యాను క్రింది అల్యూమినియము రేకుల నడుమ దూది పరుపు వలె పేరుకొనియున్నది. వారి ఇల్లు జిన్నింగు మిల్లునకు చేరువ. గాలిలో తేలు పత్తి నూగును ఫ్యాను రాత్రింబగళ్లు పీల్చినది.

పల్నాటి వేసవిని ఇచ్చట ప్రత్యేకించి పేర్కొనవలసి యున్నది. చల్లార్చు సాధనము ప్రాసెసర్ వేడిని గది గాలిలోనికి తోయును. ఆ గాలిని గదికన్న చల్లగా చేయలేదు. గది 25 డిగ్రీలున్నపుడు ప్రాసెసర్ 85 డిగ్రీలున్నదనగా తేడా 60. అదే పని, అదే ఫ్యాను, మే నెలలో గది 42 డిగ్రీలైనచో ప్రాసెసర్ 102కు చేరవలెను. నూటికి అటునిటుగా హద్దు పెట్టబడియున్నందున అది చేరదు. చేరకుండుటకై పనిని మందగించును. సంక్రాంతికి బాగుగ నడచిన ఆట ఉగాది దాటగనే కుంటుచున్నదన్నచో మొదట అనుమానింపవలసినది వేడినే. రేకులను మెత్తని కుంచెతో దులిపి, ఎండిపోయిన పేస్టును తుడిచి కొత్తది పూసి, పెట్టెను గోడకు జానెడు దూరముగ నిలిపినచో తరచుగా పని చక్కబడును. ఫ్యాను రెక్కను వ్రేలితో ఆపిపట్టి దులుపవలెను. గాలి తాకిడికి అది వట్టిగ గిరగిర తిరుగనిచ్చినచో చెడిపోవచ్చును.

ఆ యంత్రములోనే మరియొక లోపమును బయటపడినది. మెమరీ పలకలు రెండును ఒకే దారికి చెందిన గాడులలో పెట్టబడినవి. సాధారణముగ నాలుగు గాడులున్న బోర్డులో రెండవ, నాలుగవ గాడులలో పెట్టినచో రెండు దారులును తెరచుకొని ప్రాసెసరునకు సమాచారము రెట్టింపు వెడల్పున అందును. పలక మీద ముద్రించిన వేగము కూడ దానంతట అది రాదు. బయోస్‌లో ఎక్స్ఎంపీ అను అమరికను, కొత్త ఏఎండీ బోర్డులలోనైన ఎక్స్‌పో అను దానిని, మనమే వెలిగింపవలెను. డబ్బు ముందే చెల్లించిన వేగము పెట్టెలో నిద్రపోవుచుండుట మేము పలుచోట్ల చూచినాము. ల్యాప్‌టాపులు వాడువారు కరెంటు పోయినపుడు బ్యాటరీపై ఆడి, ఆట కుంటినదని వాపోదురు. బ్యాటరీపై నడచు యంత్రము వేగమును తగ్గించుకొనుట దాని ధర్మము. ఛార్జరు తగిలించి, విద్యుత్ అమరికను ఎక్కువ పనితనమునకు మార్చి, అప్పుడు పరీక్షింపవలెను.

తరువాత ఆటలోని అమరికలు. అద్దముల నాణ్యతను తగ్గించుట, ప్రతిఫలనములను ఒక్కొక్క చిత్రమునకు ఒక ముఖము చొప్పున మాత్రమే నవీకరింపజేయుట, నీడలను ఒక మెట్టు దించుట, ప్రత్యర్థుల సంఖ్యను పదునైదునకు కుదించుట, వీనిలో ప్రతిదియు ప్రాసెసర్ భారమును దించును. ఒక్కొక్కటే మార్చి, ప్రతిమారు కొలిచి చూడవలెను. అన్నియు ఒక్కమారు మార్చినచో ఏది ఫలించినదో తెలియదు. వెనుక నడచు బ్రౌజర్లు, పాటలు, రికార్డింగు సాధనములు మూసివేయుట వేరుగ చెప్పనక్కరలేదు. చివరగా, యంత్రము కష్టతమమైన ఘట్టములో కూడ నిలుపుకొనగల వేగమునకు కొంచెము క్రిందుగ హద్దు కట్టవలెను. 90కి 50కి నడుమ ఊగులాడు బొమ్మకన్న కదలక 60 వద్ద నిలుచు బొమ్మ చోదకునకు మేలు. స్టీరింగు చక్రమునకు వచ్చు తాకిడియు అప్పుడు నిలకడగా ఉండును. ఆ విద్యార్థి యంత్రము పేస్టు గొట్టము ఖర్చుతో, పదునైదు కార్లతో, 60 వద్ద నిలిచినది. కుంటు గ్రాఫిక్స్ కార్డుది కాదని తేలినందున అప్పు ప్రసక్తి రాలేదు.

ఇన్నియు చేసిన పిదపను చాలనిచో అప్పుడు ప్రాసెసర్ మార్చుట న్యాయము. ఆ సందర్భమున కోర్ల సంఖ్యకన్న ఒక్కొక్క కోరు వేగమును, క్యాష్ అను లోపలి మెమరీ పరిమాణమును చూడవలెను. భౌతిక లెక్కకు కావలసిన అంకెలు దూరముననున్న మెమరీ పలకలనుండి వచ్చుట ఆలస్యము. ప్రాసెసర్ ఒడిలోనే ఉన్నచో తక్షణము దొరకును. ఏఎండీ సంస్థ 2022లో వెలువరించిన రైజెన్ 7 5800ఎక్స్3డీలో ఎనిమిదే కోర్లు. గడియార వేగము దాని తోటి 5800ఎక్స్‌కన్న కొంత తక్కువ. అయినను మూడవ మెట్టు క్యాష్ 32 మెగాబైట్లకు మారుగ 96 మెగాబైట్లు ఉన్నందున సిమ్యులేటర్లలో అది తోటివానిని మించినది. 2021లో వచ్చిన పండ్రెండవ తరము నుండి ఇంటెల్ ప్రాసెసర్లు పలువానిలో పెద్ద కోర్లు, చిన్న కోర్లు అను రెండు రకములు ఉండును. అట్టిదానిలో మొత్తపు సంఖ్యను గాక పెద్ద కోర్లు ఎన్నియో విచారింపవలెను. పాత ఏఎం4 బోర్డు ఉన్నవారికి పైన చెప్పిన ఏఎండీ ప్రాసెసర్ దొరికినచో బోర్డును, మెమరీని మార్చు పనిలేదు. అయితే ఆ బోర్డు బయోస్‌ను దాని తయారీదారుల కొత్త ప్రతితో నవీకరింపనిదే కొత్త ప్రాసెసరుతో యంత్రము లేవకపోవచ్చును గనుక, పాతదానిని ఊడదీయకముందే, కరెంటు పోదని నమ్మకమున్న వేళ చూచుకొని, ఆ పని ముగింపవలెను.